కంప్యూటర్‌కు బాప్తీస్మం

ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది, కానీ అదింకా నీళ్లు చూడలేదు కదా, అనుకుంటూ లిడియా బండల కోత మిషన్‌కు బిగించిన, రంపాన్ని నడిపే కొత్త కంప్యూటర్ ఎదుట నిలబడింది, చూడ్డానికి అది కంప్యూటర్‌లాగే లేదు, ఇటుకంత అల్యూమినియం దిమ్మె, ఫ్యాను లేదు, గాలి పోయే చిల్లులు లేవు, తీగల మూతులు కూడా మర తిప్పి బిగించేవే, దీన్ని ఎంచింది తనే, జమ్మలమడుగు దగ్గరి ఈ బండల ఫ్యాక్టరీకి ట్రైనింగుకొచ్చిన డిప్లొమా పిల్ల, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చున్నీ కొస వేలికి చుట్టుకునే పిల్ల, ఆ పిల్ల మాట మీద ఓనరు మహీధర్ సారు దీన్ని తెప్పించాడు, పొద్దు వాలుతోంది, ఇంకాసేపట్లో ఇక్కడే కూలిపని చేసే అమ్మ నీళ్ల గొట్టం పట్టుకుని వస్తుంది.

అమ్మ అలా రావడం చిన్నప్పటినుంచీ చూస్తున్నదే, బండ కోసినప్పుడు లేచే పొడి నీళ్లలో కలిసి బూడిదరంగు బురదై అన్నిటికీ పట్టుకుంటుంది, రాత్రికి ఆరిందంటే తెల్లారి సుత్తి పెట్టి కొట్టాల్సిందే, అందుకే సాయంత్రం మిషన్లు, పట్టాలు, గోడలు, చివరికి చెప్పులు కూడా కడిగేస్తారు, ఆ పనిలో అమ్మ చేయి ఎక్కడా ఆగదు, పోయిన ఎండాకాలం ఈ మిషన్‌కు మామూలు కంప్యూటర్ పెట్టినప్పుడూ ఆగలేదు, దాని మీద బురద పడింది, అమ్మ కడిగింది, అంతే, చిటపటమని చప్పుడు, కాలిన వాసన, సుందరమ్మ కంప్యూటర్‌కు బాప్తీస్మం ఇచ్చిందిరోయ్ అని మేస్త్రీ సుబ్బన్న మామ మొదలెడితే షెడ్డంతా అందుకుంది, ఏందక్కా, మా సెల్లుకు గూడా ఇస్తావా, అని తోటి కూలి ఓబులమ్మ, అమ్మ కూడా వాళ్లతోపాటు నవ్వింది, కానీ సారు గొట్టం లాక్కుని ఆమెను బయట ముక్కరాళ్లు మోసే పనిలో వేశాక నవ్వలేదు, మోకాళ్లకు నూనె రాసుకుంటూ, అమ్మీ, నేను జేసింది తప్పేనా, దినామూ జేసేదే గదా జేసినా, అని అడిగితే లిడియాకు ఏం చెప్పాలో తోచలేదు.

కొత్త కంప్యూటర్ కొనబోయిన ప్రొద్దుటూరు షాపులో అయినా పైకి ఏమైనా అందా, సారు వెనకాల నిలబడి వింటోంది, ఇది శానా స్పీడు సార్, ఆఫీసులన్నీ ఇదే వాడతాండాయి, అంటాడు షాపతను, దానికి రెండు ఫ్యాన్లు, ఫ్యానంటే గాలి, మన షెడ్డులో గాలంటే పొడి, పొడిని పీల్చి పీల్చి అది ఎన్నాళ్లు బతుకుతుంది, అయినా అంత స్పీడెందుకు, బండ తెగే వేగానికి మించి రంపం ఎటూ పోదు కదా, మనకు కావలసింది ఎండకూ కరెంటు ఎగుడుదిగుళ్లకూ తట్టుకునేది, ఇవన్నీ లోపలే అనుకుంది, నీళ్లు పడకుండా అద్దాల బీరువాలో పెడదాం సార్ అన్నాడు సుబ్బన్న మామ, పెడతారు, ఎండాకాలం లోపల ఉడుకుతాదని తలుపు తీస్తారు, తీసిన తలుపులో సద్ది క్యారియర్లు పెడతారు, మామ క్యారియరే ముందు పెడతాడు, నవ్వొచ్చింది, చున్నీ అడ్డం పెట్టుకుంది, అప్పుడు గుర్తొచ్చింది పులివెందులలో పిన్ని పనిచేసే పాలకేంద్రం, అక్కడా రోజూ నేల నుంచి గోడల దాకా కడుగుతారు, కడిగే గోడ మీదే ఒక కంప్యూటర్ దిమ్మె, నీళ్లు కారుతూ, దీపం వెలుగుతూ, నీళ్లలో ముంచినా ఏం కాదని పరీక్షించిన రకమంట అని పిన్ని చెబితే అప్పట్లో తల ఊపి ఊరుకుంది.

ఈడ నీళ్లు పోయరాదు అని బోర్డు రాపిచ్చి మామూలుదే కొందాం, అని సారు తేల్చేసిన రోజున లిడియా చున్నీ కొస వదిలేసి, పోస్తారు సార్, అంది, అందరూ తిరిగి చూశారు, బోర్డు పెట్టినా పోస్తారు సార్, కడగందే ఇంటికి పోరు గదా, పోస్తారనుకునే తెచ్చుకుందాం, పులివెందుల పాలకేంద్రంలో నీళ్లు పోసినా పాడుగాని దిమ్మె ఉండాది, అట్లాంటిది, ఏంది పాపా, ఇన్ని దినాలు నీకు గొంతుండాదనే తెలీదే, అని సారు నవ్వి, వెంటనే నవ్వు ఆపి, సరే, మీ అమ్మకే మళ్లా గొట్టమిస్తా, ఇది గూడా పాయనంటే ఇద్దరూ గేటు బయటే, అన్నాడు.

అదిగో అమ్మ, చీర కుచ్చిళ్లు దోపుకుని, గొట్టం భుజాన వేసుకుని, పట్టాలు కడిగింది, రంపం మూత కడిగింది, దిమ్మె దగ్గరికొచ్చింది, చేయి ఆగింది, అమ్మ చేయి ఆగడం లిడియా ఎన్నడూ చూడలేదు, నీళ్లు దిమ్మెను తప్పించుకుని చుట్టూ పోతున్నాయి, మీద బురద అలాగే ఉంది, దండం బెట్టి పక్కకు రా సుందరమ్మా, అని సుబ్బన్న మామ, సారు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆ ఆగిన చేతిని చూస్తుంటే లిడియాకు ఏడుపొచ్చినంత పనైంది, పొయ్యిమ్మా, దాని మీదే పొయ్యి, నెత్తిన పొయ్యి, అని అరిచింది, రేకుల కప్పుకు తగిలి తిరిగొచ్చిన గొంతు తనదేనా అని తనకే అనుమానం, అమ్మ ఒక్కసారి కూతురి మొహం చూసి గొట్టం తిప్పింది, నీళ్లు దిమ్మెను కమ్మేశాయి, దీపం కనబడలేదు, బురద జారింది, నీళ్లు జారాయి, దీపం ఆకుపచ్చగానే ఉంది, సుబ్బన్న మామ వచ్చి బటన్ నొక్కాడు, రంపం కదిలింది, గీసిన గీత మీదికి నేరుగా వచ్చి నిలబడింది, ఓర్నీ, బాప్తీస్మం దీనికి శానా బాగా పట్టిందే, అని మామ, ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది అమ్మ, నవ్వుతూనే కడుగుతోంది, ఆ చేయి మళ్లీ ఎక్కడా ఆగడం లేదు, ఆ చేతిని చూస్తుంటే లిడియాకు, అమ్మ ఆనాడు అడిగినదానికి జవాబు ఇదిగో ఇప్పుడు తోచింది, నువ్వు జేసింది తప్పు కాదుమ్మా, నీ చేయి తెలియనోళ్లు ఆ కంప్యూటర్ ఎంచినారు, ఇది ఎంచింది మటుకు నీ చేయి ఎట్లా పోతాదో తెలిసిన నీ కూతురు.