నిలిచాయంట

ప్రయోగశాలలో నా పని గాజుసామాను కడగడం, ఆవిరి యంత్రంలో పెట్టి శుద్ధి చేయడం, కణాలు పెరిగే వెచ్చటి పెట్టెలో నీళ్ళ పళ్ళెం నింపడం. ఆ పెట్టె తలుపు తీసే ముందు దేవుడికి దండం పెట్టుకుంటాను. ఎందుకని ప్రయోగశాల నడిపే మేడమ్ ఒకసారి అడిగితే, "లోపల ప్రాణం ఉంది కదమ్మా" అన్నాను. "దండం సరే, చేతులకి స్పిరిట్ కూడా రాసుకో" అందావిడ.

అక్కడ పెరిగేవి గర్భసంచి లోపలి పొర నుంచి తీసిన కణాలు. వాటిలో రెండు రకాలున్నాయట. నేలకు పరిచిన పలకల్లా ఒకదానికొకటి ఆనుకుని పైన ఉండేవి ఒక రకం. అడుగున చేపపిల్లల్లా సన్నగా, పొడుగ్గా ఉండేవి రెండో రకం. రెంటినీ విడదీసి, మధ్య జల్లెడలాంటి పలుచటి పొర పెట్టి, ఒకే ద్రవంలో పెంచుతారు. ఒకదాన్నొకటి తాకవు. అయినా కిందివి ఏదో వదులుతాయి, పైవి దాన్ని అందుకుని మారతాయి. బిడ్డ వచ్చి అంటుకునే వేళకు ఇవి ఒకదానికొకటి ఏం చెప్పుకుంటాయన్నదే మేడమ్ పరిశోధన. "గోడకి అటూ ఇటూ తోడికోడళ్ళు బాబాయ్, మాటలు మానరు" అంటుంది ఆవిడ దగ్గర చదివే అమ్మాయి. ఆ పిల్ల ఎత్తు చూసి నేను పెట్టిన పేరు నిచ్చెనమ్మ.

నా భార్యకు మూడుసార్లు కడుపు పోయింది. మూడుసార్లూ రెండో నెల దాటలేదు. లోపలి పొర నుంచి చిటికెడు పరిశోధనకు ఇవ్వమని ఆస్పత్రిలో అడిగితే సంతకం చేసింది. అది వైద్యం కాదని, ఫలితం ఎవరికీ చెప్పరని ఆ కాగితంలోనే ఉంది. సీసాల మీద పేర్లుండవు, అంకెలే. కానీ ఆ వారం ఆస్పత్రి నుంచి వచ్చిన పెట్టె ఒక్కటే, మోసుకొచ్చింది నేనే. దాని మీది అంకె పదిహేడు.

ఆ రోజు నుంచి ఇంటికి రాగానే, నేను చెప్పులు విడవకముందే నా భార్య అడిగేది. "ఎలా ఉన్నాయండీ?"

"చెప్పకూడదే."

"చెప్పకండి. మీ మొహం చూద్దామని అడిగాను, అంతే."

ఆమెకు కావలసిందేమిటో నాకు తెలుసు. లోపం తనలో ఉందా, లేదా. మూడు పోగొట్టుకున్న మనిషికి దేవుడు ఆ ఒక్క జవాబైనా ఇవ్వకూడదా అని నాకూ అనిపించేది. గట్టిగా అడగడానికి భయం.

ఒక మధ్యాహ్నం పళ్ళెం నింపుతుంటే, నిచ్చెనమ్మ సూక్ష్మదర్శిని మీంచి తలెత్తి, "మేడమ్, పదిహేడు నిలిచాయి!" అంది. కణాలు గాజుకు అంటుకుని బతికితే మావాళ్ళు అనే మాట అది. నా ప్రాణం లేచొచ్చింది. బయటి వరండాలోకి పరుగెత్తి ఇంటికి ఫోన్ చేశాను.

"నిలిచాయంట!"

"నిలిచా... యా? రెండా?"

"రెండూనే!" అన్నాను, పైవీ కిందివీ అనుకుని. ఆమె ఏడవడం మొదలుపెట్టింది. "ఏడవకు, ఎవరితోనూ అనకు" అని పెట్టేశాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మంచం మీద పడుకుని ఉంది, కాళ్ళ కింద రెండు దిండ్లు.

"తడిబట్టల బకెట్ మీరే తీసుకెళ్ళండి. నేను బరువులెత్తకూడదుగా."

"నీకేమైంది?"

"భలేవారే! కవలలని చెప్పింది మీరేగా. రక్తం ఇచ్చినచోట మీ నంబరే రాశాను."

నెల తప్పి తొమ్మిది రోజులైందట. నాకు చెప్పకుండా ఆ ఉదయమే వెళ్ళి పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చిందట. గర్భమూ నిలుస్తుంది, గాజుపళ్ళెంలో కణాలూ నిలుస్తాయి. మాట ఒక్కటే. మంచం అంచున కూర్చుని, అసలు సంగతి చెప్పాను. అంతా విని, "మరి అక్కణ్ణుంచి ఫోన్ రాలేదా?" అంది.

మర్నాడు పొద్దున వచ్చింది. ఫోన్ తనే అందుకుంది. "అలాగేనండీ. లేదన్నమాట. మంచిదండీ" అని పెట్టేసి, బకెట్ ఎత్తుకుని డాబా మీదికి వెళ్ళింది.

నేను నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పుకున్నాను.

"ఇన్నేళ్ళ పని నీది! ఒక్క మాట కడుపులో దాచుకోలేకపోయావా?" అంది. ఆ 'కడుపు' తనకే గుచ్చుకున్నట్టుంది, కాసేపు కిటికీలోంచి చూసింది. "రేపు మీ ఆవిణ్ణి తీసుకురా. నేనే మాట్లాడతాను. ఏది ఎవరిదో మాత్రం చెప్పను."

మర్నాడు నా భార్య జుట్టు బిగించి ముడేసుకుని వచ్చింది. నిచ్చెనమ్మ తెల్లకోటు తొడిగి, "బాబాయ్‌కి గోనెసంచిలా ఉంటుంది గానీ మీకు భలే కుదిరింది పిన్నీ" అంది. నా భార్య నవ్వింది.

మేడమ్ నెమ్మదిగా చెప్పింది. "ఇక్కడ బతికినంత మాత్రాన రేపు బిడ్డ ఉంటుందని కాదమ్మా. బతకకపోతే నీలో లోపం ఉందనీ కాదు. ఒక్కరి కణాలతో ఏమీ తేలదు. తేలాక కూడా నీ ఒక్కదానికి జవాబు దొరుకుతుందని మాట ఇవ్వలేను."

"అలాగేనమ్మా. ఒక్కసారి చూస్తాను."

మేడమ్ అంకె మీద బొటనవేలు పెట్టి ఒక పళ్ళేన్ని సూక్ష్మదర్శిని కింద ఉంచింది.

"నావేనా?"

"చెప్పనన్నానుగా."

నా భార్య వంగి కన్ను ఆనించింది.

"బిడ్డ వచ్చే వేళకు ఒంట్లో ఊరేలాంటి మందు వేసి అయిదు రోజులైంది పిన్నీ" అంది నిచ్చెనమ్మ. "సన్నగా ఉండేవి ఎలా ఒళ్ళు చేశాయో చూడండి. ఎవరో వస్తారని సిద్ధమవుతున్నాయి."

పదిహేడుకు ఇంకా మందే మొదలుపెట్టలేదు. నాకు తెలుసు. ఈసారి నోరు విప్పలేదు.

"ఎవరొస్తారు?"

"ఇక్కడికి ఎవరూ రారు పిన్నీ."

"ఆ సంగతి వీటికి తెలీదా?"

నిచ్చెనమ్మ మేడమ్ వైపు చూసింది. "తెలిసే దారి లేదమ్మా" అంది మేడమ్.

నా భార్య కన్ను తీయలేదు. ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుంది. ఆ గాజులోంచి ఆమె ఏం అడుగుతోందో, అవతల ఏం వినబడుతోందో నాకు తెలియదు. ఆమెను కదిలించే ధైర్యం మా ముగ్గురిలో ఎవరికీ లేకపోయింది. చివరికి నిచ్చెనమ్మే గొంతు తగ్గించి, "పిన్నీ, ఎక్కువసేపు బయట ఉంచితే చల్లబడతాయి" అంది.

ఆమె చటుక్కున లేచి వెనక్కి జరిగింది. "అయ్యో, ఆ మాట ముందే చెప్పొద్దూ! పెట్టెయ్యమ్మా, లోపల పెట్టెయ్. ఏవండీ, అలా చూస్తారేం? తలుపు తీయండి."