చప్పుడు చెయ్యని బంతి

రోజూ పొద్దున్నే చర్చి వెనక గచ్చు మీద బంతి కొట్టడం లెమ్యూల్ పెట్‌వేకి అలవాటు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని ఓ ఊళ్ళో అతని తల్లి ఓడెస్సా మొక్కజొన్న రొట్టె కాలుస్తూ ఆ చప్పుడు వినేది. కీడు దగ్గరపడితే మాత్రం అతని చేతి కింద బంతి చప్పుడు చేసేది కాదు. నేలకి తగిలేది, లేచేది, అంతే. అలాంటి రోజున ఇరుగుపొరుగువాళ్ళు పిల్లల్ని లోపలికి పిలిచి తలుపులు వేసుకునేవాళ్ళు.

తెల్లవాళ్ళ కాలేజీ తన బాస్కెట్‌బాల్ జట్టులోకి మొట్టమొదటగా తీసుకున్న నల్లవాడు లెమ్యూల్. భోజనాల బల్ల దగ్గర అతను కూచుంటే మిగతావాళ్ళు లేచిపోయేవారు. పక్క రాష్ట్రం మిసిసిపీలో ఆటకి బయల్దేరే ముందు తల్లికి ఫోన్ చేసి, బంతి మూగబోయిందని చెప్పాడు.

"అయితే మానెయ్యి నాయనా. కడుపునొప్పని చెప్పు."

"నేను మానేస్తే మనవాళ్ళలో ఇంకొకణ్ణి తీసుకోరమ్మా."

ఆడాడు. జనం కేకల మధ్య బంతి చప్పుడు లేకుండానే ఎగిరింది. ఆట ముగుస్తుందనగా అవతలి జట్టువాడు కావాలనే అతని మోకాలి మీద పడ్డాడు. రిఫరీ మొహం అటు తిప్పుకున్నాడు. మోకాలు చితికి, పెద్ద జట్లలో ఆడే ఆశ అక్కడితో పోయింది. మరుసటి ఏడు ఆ కాలేజీ ఇంకో ఇద్దరు నల్ల కుర్రాళ్ళని తీసుకుంది.

ఏళ్ళు గడిచాక లెమ్యూల్ కుంటుతూనే అదే కాలేజీకి కోచ్ అయ్యాడు. ఫైనల్ రోజు మధ్యాహ్నం అతని చేతి కింద బంతి మళ్ళీ మూగబోయింది. ఆటగాళ్ళందరి చేతికీ వరసగా ఇచ్చి కొట్టించాడు. అందరి దగ్గరా మోగింది. జట్టులో మేటి అయిన కార్విన్ దగ్గర మోగలేదు. మిగతావాళ్ళు మెల్లగా వెనక్కి జరిగారు.

"ఇవాళ నువ్వు ఆడట్లేదు," అన్నాడు లెమ్యూల్.

"నాకేం కాలేదు కోచ్. పెద్ద జట్లవాళ్ళు నన్ను చూడ్డానికే వచ్చారు. మీరైతే ఆగారా?"

"ఆగలేదు. మా అమ్మ బతిమాలింది. అంతకన్నా ఆమె చేతిలో ఏమీ లేదు. నా చేతిలో ఉంది. పద, ఆసుపత్రికి."

జట్టుని సహాయకుడికి అప్పగించి తనే వెంట వెళ్ళాడు. గుండెలో లోపం పుట్టుకతోనే ఉందనీ, ఇవాళ పరిగెత్తి ఉంటే ఆగిపోయేదనీ, ఇక ఆట అనే మాటే వద్దనీ డాక్టరమ్మ చెప్పింది. కార్విన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. లెమ్యూల్ మంచం పక్కన కుర్చీలో కూచున్నాడు. రాత్రి సహాయకుడు ఫోన్ చేస్తే వెళ్ళి మాట్లాడి వచ్చాడు.

"ఆట ఎన్ని పాయింట్లతో పోయింది?" అన్నాడు కార్విన్ ఇటు తిరక్కుండానే.

"ఒక్కటి."

కుర్రాడి వీపు వెక్కిళ్ళతో కదలడం మొదలైంది. లెమ్యూల్ తన కుర్చీని మంచానికి ఇంకా దగ్గరగా లాక్కున్నాడు.