నానని శనగలు

మోటారు పంపుల కంపెనీలో ఇరవై రెండేళ్ళు వాడుక పుస్తకాలు రాశారు కాబట్టి అందరూ ఆయన్ని మాన్యువల్ గారు అనేవారు. ఆ పిలుపులో కాస్త వెటకారం ఉందని ఆయనకు తెలుసు. గౌరవం కూడా ఉందని మాత్రం ఆయన ఒక్కరే అనుకునేవారు. "మోటారు తిరుగుచుండగా లోపల వేలు పెట్టరాదు" అన్న వాక్యం ఆయనదే. దానివల్ల ఎంతమంది వేళ్ళు దక్కాయో ఎవరూ కనుక్కోలేదు గానీ, కనుక్కుంటే తనకు సన్మానం తప్పదని ఆయన నమ్మకం. ఆఖరికి కంపెనీవాళ్ళు పుస్తకం మానేసి వీడియో పెట్టారు. మాన్యువల్ గారు ఇంటికొచ్చి కూర్చున్నారు.

కూర్చున్న మూడో వారం మరదలు వచ్చింది. కారు అమ్మేసి, ఖాళీ అయిన షెడ్డులో ఆవిడ కొత్త వ్యాపారం మొదలుపెట్టింది. కూరగాయలు కడిగి, తరిగి, ఉప్పూ కారం నూనె ఒక్కోటీ కొలిచి పొట్లాలు కట్టి, ఒక పూట వంటకు కావలసినవన్నీ పెట్టెలో సర్ది ఇళ్ళకు పంపడం. ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు పెట్టె విప్పి వండుకోవడమే.

"అన్నీ కుదిరాయి బావగారూ. ఎలా వండాలో చెప్పే కార్డొక్కటే కుదరట్లేదు. నేను రాస్తే నాకే అర్థం కావట్లేదు."

"నేను రాస్తాగా," అన్నారాయన.

వంటింట్లోంచి భార్య తొంగిచూసింది. "మీరా? పాలు పొంగుతుంటే పొయ్యి కట్టెయ్యడం రాక నన్ను కేకేసే మనిషి!"

"రాయడానికి వంటెందుకే? నేను ఏనాడైనా పంపు బిగించానా?"

ఆ మాటకు అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ జవాబు వెతుక్కునేలోపే ఆయన కాగితం తీశారు.

మర్నాటి నుంచి భార్య వంట చేస్తుంటే వెనకాల ఒక చేత్తో స్టాప్‌వాచీ, ఇంకో చేత్తో చిన్న కాటా పట్టుకుని నిలబడేవారు.

"ఎంతసేపు వేయించాలి?"

"వేగేదాకా."

"ఉప్పెంత?"

"సరిపడా."

"సరిపడా అంటే ఎన్ని గ్రాములు?"

"ఇంకోసారి అడిగితే మీకు సరిపడా పెడతాను."

ఆవిడ గుప్పెట్లోని ఉప్పు గిన్నెలో పడకముందే కాటా అడ్డం పెట్టి తూచి రాసుకునేవారు. అలా తయారైంది మొదటి కార్డు, పద్నాలుగు అంశాలతో. "ఉల్లిపాయను కదలని, చదునైన తలముపై ఉంచవలెను" అని మొదలై, "హెచ్చరిక: కోయునపుడు కన్నీరు వచ్చినచో అది లోపము కాదు" అని మధ్యలో ధైర్యం చెప్పి, "మూత తెరచునపుడు ముఖమును దూరముగా ఉంచుకొనవలెను" అని ముగిసింది. మరదలు అది చదివి, దగ్గొచ్చినట్టు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, బాగుందని చెప్పి వెళ్ళిపోయింది.

మొదటివారం పోయిన పెట్టెలు పదకొండు. అందులో నాలుగు చుట్టాలవే. ఆరు నెలలకు రోజుకు రెండు వందలయ్యాయి. షెడ్డు చాలక, మూతబడిన ప్రింటింగ్ ప్రెస్సొకటి అద్దెకు తీసుకున్నారు. గోడల్లోంచి ఇంకు వాసన పోవడానికి ఎండాకాలమంతా పట్టింది. పొడవాటి స్టీలు బల్లల ముందు తెల్లటోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు, వెనక చల్లగది, బయట వ్యాన్లు. రెండో ఏడాది చివరికి రోజుకు మూడు వేల పెట్టెలు. మాన్యువల్ గారికి ఒక గది, తలుపుకి "సూచనల విభాగం" అని బోర్డు. ఆ విభాగంలో ఉన్నది ఆయనే, ఆయన కుర్చీయే.

"మీ కార్డు కోసమే తెప్పించుకుంటున్నాం" అంటూ ఉత్తరాలు రావడం మొదలయ్యాక ఆయన కాళ్ళు నేలమీద ఆనలేదు. కంపెనీని పైకి లాగుతున్నది తన వాక్యమేనని తేలిపోయింది, ఆయన మటుకు. భార్య కూర కలుపుతుంటే గరిట తిప్పే దిశ తప్పంటూ సలహాలు కూడా మొదలుపెట్టారు.

"ఆ గడియారాన్నయినా ఇంట్లోంచి పంపండి, నన్నయినా పంపండి," అంది ఆవిడ ఒకరోజు.

ఆయన గడియారం వదల్లేదు. ఆవిడ పది రోజులుండి వస్తానని అన్నగారింటికి వెళ్ళిపోయింది.

సరిగ్గా ఆ వారమే కొత్త వంట రావాలి. టమాటాతో శనగల కూర. రెండేళ్ళ అనుభవం ఉండగా ఒకరిని అడగడమేమిటనుకున్నారు ఆయన. పచ్చి బఠాణీ పన్నెండు నిమిషాలకు ఉడికింది. శనగ అంతకంటే కాస్త గట్టిది. కాబట్టి ఇరవై. పంపులకైనా శనగలకైనా లెక్క లెక్కే కదా.

"అక్క చూసిందా?" అనడిగింది మరదలు.

"చూసినట్టే," అన్నారు ఆయన.

మూడు వేల పెట్టెల్లో ఒకటి సాయంత్రానికి ఆయన ఇంటికీ వచ్చింది. పెళ్ళాం లేని ఇంట్లో తన కార్డు తనే ముందు పెట్టుకుని, జీవితంలో మొదటిసారి పొయ్యి వెలిగించారు. ఏ అంశమూ దాటవేయలేదు. మూత తెరిచినప్పుడు ముఖం ఎంత దూరం పెట్టారంటే వెనకున్న తలుపు తలకి తగిలింది. కూర రంగు చూస్తే కడుపు నిండిపోయేలా ఉంది. పళ్ళెంలో వేస్తే మాత్రం గోళీకాయలు పడ్డట్టు టకటకమంది. ధైర్యం చేసి ఒకటి కొరికారు. శనగకేమీ కాలేదు, పంటికి పెట్టించుకున్న సిమెంటు ఊడి చేతిలోకొచ్చింది.

అంతలో ఫోను మోగింది.

"బావగారూ, అన్ని లైన్లూ మోగిపోతున్నాయి. ఆ కార్డు ఎవరి దగ్గర చూసి రాశారు?"

"అనుభవంతో."

"ఎవరి అనుభవం?"

ఆయన నీళ్ళు నమిలారు. నమలడానికి అప్పుడు అవి తప్ప ఇంకేమీ మెత్తగా లేవు. ఫోను పెట్టేసి భార్యకు చేశారు.

"నానబెట్టారా?" అందావిడ, సంగతంతా విని.

"నానబెట్టడమంటే?"

అవతల సంచీలో బట్టలు కుక్కుతున్న చప్పుడు వినపడింది. తర్వాత, "పొద్దున్నే బయల్దేరి వస్తున్నా," అంది.

మర్నాడు అందరికీ నానబెట్టి ఉడికించిన శనగలతో కొత్త పెట్టెలు వెళ్ళాయి. క్షమాపణ చెప్పడానికి నలుగురు ఫోన్ల దగ్గర కూర్చున్నారు. ఐదో ఫోను మాన్యువల్ గారే పట్టుకున్నారు. కొందరు తిట్టారు, కొందరు వినకుండానే పెట్టేశారు. ఒక బస్సు డ్రైవరు మాత్రం పకపకా నవ్వాడు.

"మేమా కార్డు చూసి వండం సార్. మా ఆవిడకి వంటొచ్చు. తినేటప్పుడు నేను కార్డు పైకి చదువుతాను. కన్నీరు లోపము కాదు అన్నచోట మా పిల్లలు పొర్లిపొర్లి నవ్వుతారు. రాసేదెవరు సార్, భలే కామెడీ మనిషి!"

"కనుక్కుని చెబుతాను," అని ఫోను పెట్టేశారాయన.

తిన్నగా మరదలి గదికి వెళ్ళారు. "అందరూ నవ్వుతున్నారని నీకు ముందే తెలుసా?"

ఆవిడ తల దించుకుంది. "మొదటి కార్డు రోజే తెలుసు బావగారూ. మానేస్తారేమోనని చెప్పలేదు."

రెండేళ్ళ ఉత్తరాలు ఒక్కొక్కటే గుర్తొచ్చి, వాటిలో ప్రతి పొగడ్తా ఇటు తిరిగి ఆయన్ని చూసి ఇకిలించింది. ఆ గదిలో ఇక కూర్చోబుద్ధి కాలేదు. తలుపు బోర్డు విప్పడానికి స్క్రూడ్రైవరు తెచ్చారు కానీ, అది ఎటు తిప్పితే ఊడుతుందో తెలియలేదు.

అప్పుడే సంచీతో వచ్చిన భార్య ఆ అవతారం చూసి నవ్వాపుకుంది. "మానెయ్యకండి. రాయండి. కాకపోతే చెప్పేది నేను, రాసేది మీరు. రాశాక మొదట వండేది కూడా మీరే. మీకు కుదిరిన వంట ఎవరికైనా కుదురుతుంది."

"అది పొగడ్తా?"

"కాదు."

మరదలికి ఆ మాట బాగా నచ్చింది. శనగల దెబ్బకు మూడో వంతు పడిపోయిన ఆర్డర్లు నాలుగు నెలల్లో తేరుకుని, ఇంకో రెండేళ్ళకు ఎనిమిది వేలు దాటాయి. అక్కకు పెద్ద వంటశాల కట్టించింది. దానిలో ఒక మూల బావగారికి పొయ్యి. ఆయన చేతి వంట గట్టెక్కితేనే కార్డు అచ్చుకు వెళుతుంది. అచ్చువేసేవాళ్ళు పొద్దున్నే ఫోను చేసి, "మాన్యువల్ గారు తిన్నారా, ఇంకా బతికే ఉన్నారా?" అని అడిగి మరీ మిషను తిప్పుతారు.

మొన్న బంగాళాదుంపల వేపుడు నాలుగుసార్లు మాడింది. నాలుగుసార్లూ తప్పెక్కడో ఆయనే పట్టుకుని, కార్డు మార్చి రాశారు. ఐదోసారి ఎర్రగా, కరకరలాడుతూ వచ్చింది. భార్య ఒక ముక్క నోట్లో వేసుకుంది. కాసేపటికి ఇంకోటి తీసుకుంది. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని, పళ్ళెం తన ముందుకు జరుపుకుంది.

మాన్యువల్ గారు మాడిన నాలుగు మూకుళ్ళూ పట్టుకుని తోమడానికి వెళ్ళారు.