ఒమ్రునా కాదు, ఒమ్చునా

కూతురు అనాదిర్ పట్నం రేడియోలో మొదటిసారి వార్తలు చదివిన రోజు గెవ్‌తునా గుడారం ముందు రెయిన్‌డీర్ తోలు గీకుతూ కూర్చుంది. లోపల్నుంచి భర్త వుక్వుకై కేకేశాడు.

"ఇలా రా, నీ కూతురు మాట్లాడుతోంది."

చేతులు తుడుచుకుంటూ వచ్చి, రేడియోకి చెవి ఒగ్గి కాసేపు వింది.

"గొంతు దానిదే. మాట మాత్రం ఎవడో కుర్రాడిది" అంది.

రష్యా ఈశాన్యపు కొసన ఉండే ఈ చుక్చీల్లో మగవాళ్లు 'ర', 'ర్క' అనే చోట ఆడవాళ్లు 'చ' అంటారు, మనం చాప అన్నప్పుడు పలికే చ. మగవాడి నోట రుర్కు అయిన వాల్రస్ ఆడవాళ్ల నోట చుచ్చు. ఆడపిల్ల ర పలికితే పెద్దలు మొహం తిప్పుకుంటారు. అమ్మ ఒళ్లో ఒమ్చునాగా పెరిగిన పిల్ల, ఇప్పుడు టండ్రా అంతా వినేట్టు "చదువుతున్నది ఒమ్రునా" అంటోంది.

"నీకో కొడుకున్నాడని ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అని పక్క గుడారం ముసలావిడ ఆటపట్టించింది. గెవ్‌తునా నవ్వలేదు. ఆనాటి నుంచీ వార్తల వేళకి ఆమెకి బయట ఏదో ఒక పని తగిలేది.

వేసవిలో ఒమ్రునా సెలవు మీద హెలికాప్టర్లో వచ్చింది. దిగుతూనే తల్లిని వాటేసుకుని గలగలా మాట్లాడింది, అన్నీ చ లే. అది వింటుంటే గెవ్‌తునాకి సంతోషమూ వచ్చింది, ఒళ్లూ మండింది.

"అక్కడ మగాడివి, ఇక్కడ ఆడదానివా?" అంది టీ పోస్తూ.

"కాగితం మీద అలాగే రాసిస్తారమ్మా. పుస్తకాల్లోనూ ర యే ఉంటుంది."

"పుస్తకాలు రాసిన వాళ్లకి అమ్మల్లేరా?"

"ఉండే ఉంటారు. రాసేటప్పుడు అడిగి ఉండరు."

వుక్వుకై పాత పేపరొకటి అందుకుని, ఆడవాళ్ల పలుకుతో మాంసం ఉత్పత్తి వార్త చదవడం మొదలుపెట్టాడు. రెండు వాక్యాలకే నాలుక మడతపడింది. తల్లీ కూతుళ్లు కడుపు పట్టుకుని నవ్వారు.

"చాల్లే, బయట రెయిన్‌డీర్ మంద బెదిరిపోతుంది" అంది గెవ్‌తునా, కళ్లు తుడుచుకుంటూ.

ఆ నవ్వుతో మనసు తేలికపడి, కూతురడిగితే మంచుగడ్డ మీద కొట్టుకుపోయిన వేటగాడి కథ అందుకుంది. వేటగాడి భార్య మాటలు చ లతో మెత్తగా సాగాయి. వేటగాడు వాల్రస్‌తో తగువు పడే చోట మాత్రం ఆమె గొంతు బొంగురు చేసి, రుర్కూ అని ర లు గర్జించింది. ఒమ్రునా తల్లి మోకాలు పట్టుకుంది.

"అమ్మా, నువ్వే ర అన్నావు."

"నేనెందుకంటాను? వాడన్నాడు. వాడి మాట వాడిలా చెప్పకపోతే అదేం కథ?"

"మరి నేను చదివే వార్తలు ఎవరి మాటలు?"

గెవ్‌తునా టీ గిన్నెలో ఊదుతూ ఆలోచించింది.

"నీవైతే కావు. ఎన్ని టన్నులు, ఎవరికి పతకం, అవన్నీ ఎవడో కుర్చీలో కూచున్న మగాడి మాటలు. వాడిలాగే చదువు, తప్పులేదు." కూతురి జడ సవరించింది. "పేరు మాత్రం వాడిది కాదు. అది నేను పెట్టాను."

అనాదిర్ తిరిగి వెళ్లాక ఒమ్రునా వార్తలన్నీ ఎప్పట్లాగే చదివి, చివర తన పేరు ఒమ్చునా అని చెప్పింది. బయటికి వస్తుంటే సంపాదకుడు తలుపు దగ్గరే ఆపేశాడు.

"కాగితం మీద అలా లేదు కదమ్మా. జనం నవ్వరూ?"

"ఆ ఒక్క మాటే నాది సార్. మా అమ్మ వింటుంది."

ఆయనా ఒక చుక్చీ తల్లి బిడ్డే. గడ్డం గోక్కుని, "పేరుతో ఆపు, వార్తల జోలికి రాకు" అని వెళ్లిపోయాడు.

అక్కడ గుడారంలో గెవ్‌తునా ఆ రోజు వార్తల వేళకి పని మానేసి రేడియో పక్కన కూర్చుంది. టన్నులూ పతకాలూ ఓపిగ్గా వింది. చివర తను పెట్టిన పేరు వినబడగానే భర్త ఆమె వైపు చూశాడు. ఆమె తల వంచుకుని, జడ కొసన ఉన్న ముడినే విప్పి మళ్లీ వేసుకుంది.

"ఏమంటావు?" అన్నాడు.

"ఆ వార్తలు చెప్పే మగాడెవడో గానీ, బాగానే చదువుతున్నాడు" అంది గెవ్‌తునా.