అడుగుకాయ

మిరప కల్లంలోంచి కదలకుండానే జపాన్‌లోని ఒసాకా నగరమంతా తిరిగిన మనిషి మా అనీసు. ఇక్కడ ఎండ వాలేవేళకి అక్కడ దీపాలు వెలిగేవి. ముసలివాళ్ల ఆశ్రమంలో డ్యూటీ దిగిన అతని భార్య యాస్మిన్ ఫోను పట్టుకుని రోజుకో పేటకి వెళ్లేది. ఇతను ఫోనులో ఆమె వెంట నడిచేవాడు.

డోటన్‌బోరిలో రంగుదీపాలు కాలువ నీళ్లలో కరిగిపోతుండేవి. నకజాకిచోలో పాత చెక్క ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి వాలి కునుకు తీస్తుండేవి. త్సురుహషిలో కొరియా వాళ్ల దుకాణాల ముందు కారం రాశులు చూస్తే అతనికి ప్రాణం లేచొచ్చింది. "మన గుంటూరు కాయేనేమో అడగవే!" అన్నాడు. పట్టా మీద చేరగిలి చూస్తూ చూస్తూ కళ్లు మూసుకుంటే, మిరపఘాటులో ఆ ఊరి వాన కురిసేది, మిరపసాళ్ల మధ్య నుంచి రైళ్లు చప్పుడు లేకుండా పోయేవి.

ఈ పంట చేతికొస్తే తిరిగి వచ్చేస్తానని యాస్మిన్ మాటిచ్చింది. అందుకే రోజూ వెనకున్న ఎర్రటి రాశి చూపించి, "చూశావుగా!" అనేవాడు. ఆ రాశి పక్కచేను సాల్మన్‌ది. అనీసు కౌలుచేను పూతమీదే తామరపురుగు పాలై, దున్నేసి నెలలు దాటింది. ఆ మాట చెబితే ఆమె అక్కడే ఉండిపోతుందని అతని భయం.

తనలో ఇంత దొంగతనం పెట్టుకుని, అనుమానం మాత్రం ఆమె మీద. పేటలన్నీ చూపిస్తుంది, తానుండే సందు చూపించదేం?

"పైకాయ చూపించి బస్తా అమ్మేస్తావా? మిర్చి యార్డులో ఎవడైనా అడుగుదాకా చెయ్యి పెట్టి తీసి చూస్తాడు. నీ అడుగుకాయ చూపించు," అన్నాడొకనాడు.

యాస్మిన్ ఫోను పట్టుకుని తనుండే చోటికి నడిచింది. రైలు వంతెన కింద ఇరుకు సందు, మూసిన దుకాణాలు, ఇనపమెట్లు, చేతులు చాపితే రెండు గోడలూ అందే గది. గదిలో తోడున్న పిల్ల వెళ్లిపోయిందట. రెండు కంచాల్లో ఒకటి బోర్లించి ఉంది.

"ఇదండీ. అన్నం తినేటప్పుడు మీకు ఫోను చెయ్యను. ఏడుపొస్తుంది."

అనీసు ఫోను దగ్గరికి తెచ్చుకుని ఆ బోర్లించిన కంచం వైపే చూశాడు.

"ఇక మీ అడుగుకాయ తియ్యండి," అందామె. "రోజూ ఆ రాశి ముందే కూర్చుంటారు. ఒక్కనాడూ కాయ తిరగెయ్యరే? సొంత కాయైతే మీ చేతులు ఊరుకుంటాయా?"

అతను లేచాడు. గట్టు దాటి తన చేలోకి దిగి ఫోను చుట్టూ తిప్పాడు. దున్నిన నల్లమట్టి, గట్టున పోగేసిన ఎండుమొక్కలు తప్ప ఏమీ లేదు.

"ఇంతేనే. నువ్వు రావని భయమేసి చెప్పలేదు."

ఆమె నెత్తిమీద రైలు పోయింది.

"అయితే ఈ ఏడు రాలేనండి," అంది యాస్మిన్. "ఫోను దించకండి. ఆ చివరి గట్టుదాకా నడవండి. మన పేట చూసి ఎన్నాళ్లయిందో."

అనీసు ముఖం తుడుచుకుని, ఫోను ముందుకు పట్టుకుని, ఆమెకు దారి చూపిస్తూ సాలు వెంట నడిచాడు.