సీసా మీద చెమ్మ

ఫ్రిజ్ బాగుచేశాక చాలామంది మెకానిక్కులు లోపల చెయ్యి పెట్టి చూసి, చల్లగా వస్తోందని చెప్పి వెళ్ళిపోతారు. ఐసుమామ పద్ధతి అది కాదు. పనిముట్ల సంచీలోంచి ఒక బీరు సీసా తీసి ఆ ఫ్రిజ్‌లో పెట్టేవాడు. పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, ఇంటివాళ్ళ కబుర్లకి ఒక చెవి, మోటారు చప్పుడుకి ఒక చెవి అప్పగించేవాడు. సీసా చల్లబడేదాకా కదిలేవాడు కాదు. తరవాత దాన్ని తీసి వెలుతురులో పట్టుకుంటే గాజు మీద సన్నగా చెమ్మ కమ్ముకునేది. ఆ చెమ్మ మీద వేలితో ఒక గీత గీసి, "పనైపోయింది" అనేవాడు. ఆ మాట ఆయన నోట వచ్చిందంటే ఆ ఫ్రిజ్ ఇక మొరాయించదని వీధంతా నమ్మేది.

ఆ సీసాని ఇంటికి తెచ్చుకుని సాయంత్రం తాగేవాడు. రోజుకి ఒకటే. పని దొరకని రోజు కూడా ఈయన మన ఫ్రిజ్‌నే బాగుచేసినట్టు లెక్క రాసుకుంటాడని భార్య దెప్పేది.

ఒక్కగానొక్క కూతుర్ని ఆయన అమ్మడూ అని పిలిచేవాడు. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ అమ్మడిదే. పెద్ద సరుకుల దుకాణంలో బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తోంది. రూలంటే రూలే అనే మనిషి. ఉద్యోగం వచ్చిన రోజు తండ్రి తన సీసాలోంచి ఒక గుక్క గ్లాసులో పోసి అందిస్తే, ముక్కు మూసుకుని, తరవాత చూద్దాంలే నాన్నా అంది. ఏటా ఆ రోజున ఆయన అలాగే పోసేవాడు, ఆమె అలాగే అనేది. ఆ గుక్క కూడా ఆయనే తాగేవాడు.

వాళ్ళుండే రాష్ట్రంలో సరుకుల దుకాణాలవాళ్ళు బీరు, వైను అమ్మవచ్చు. కానీ చల్లగా అమ్మకూడదు. చల్లటివి మందు దుకాణంలోనే దొరుకుతాయి. ఆదివారం ఏ దుకాణంలోనూ అమ్మకూడదు. అమ్మడు పనిచేసే దుకాణంలో చల్లటి బీరువాలన్నీ బిగించింది ఐసుమామే. వచ్చినప్పుడల్లా ఆయనకి ఒళ్ళు మండేది.

"పాలకి చలి, వెన్నకి చలి, ఐస్‌క్రీముకి చలి. ఈ బీరు ఏం పాపం చేసిందే? ఆ చట్టం రాసినాయనకి పళ్ళు జివ్వుమంటాయేమో."

"చట్టం నేను రాయలేదు నాన్నా."

"రాయలేదు. కాపలా కాస్తున్నావుగా."

పక్క కౌంటరు అమ్మాయిలు నవ్వేవాళ్ళు. అమ్మడు మాత్రం మొహం సీరియస్‌గా పెట్టి ఆయన వెచ్చటి సీసాకి బిల్లు కొట్టేది.

ఆయన గొంతు బొంగురుపోయినప్పుడు దుమ్మనుకున్నారు. తరవాత జలుబనుకున్నారు. అసలు సంగతి గొంతు క్యాన్సరని తెలిసిన రోజున అమ్మడి తల్లి ఏడుస్తూ ఇంట్లో ఉన్న సీసాలన్నీ సింకులో పారబోసింది. ఆపరేషన్ సోమవారం అన్నారు. శనివారం ఆఖరి పరీక్షలకి వెళ్ళినప్పుడు డాక్టరు ఏదీ దాచలేదు. ప్రాణం దక్కుతుంది, గొంతు దక్కదు, ఆ తరవాత మాట ఉండదు, మింగడం ఉండదు, తిండి గొట్టంలోంచి పొట్టలోకే వెళుతుంది. ఆదివారం సాయంత్రం ఆసుపత్రిలో చేరాలి, ఈలోపు నోటికి నచ్చింది తినండి అన్నాడు. ఐసుమామ ఒక గ్లాసు బీరు తాగవచ్చా అని అడిగాడు. డాక్టరు ఆయన మొహంలోకి చూసి, పొద్దున పూట అయితే తాగండి అన్నాడు.

అప్పటికే ఆయనకి మంచినీళ్ళు మింగినా గొంతులో కత్తితో గీసినట్టుండేది. చల్లటిదైతేనే కాస్త దిగేది. ఇంటికి వస్తూ దారిలోనే ఒక సీసా తీసుకుందామన్నాడు. అమ్మడు ఆపింది. ఈ ఆదివారం నుంచి అమ్మవచ్చని కొత్త చట్టం వచ్చింది, తలుపు మీద నోటీసు నేనే అంటించాను, పొద్దున్నే ఇద్దరం కలిసి వెళదాం, నీ బీరువాలు కూడా ఒకసారి చూసుకుందువుగాని అంది. ఆ ఆఖరి మాటకి ఆయన మొహం వికసించింది. తలుపులు కాస్త దబ్బున వేస్తున్నారు మీవాళ్ళు, చెప్పాలి అన్నాడు.

ఆదివారం పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పాల బీరువా తలుపుకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. రబ్బరు అంచుని గోటితో తడిమాడు. తరవాత మద్యం అర దగ్గర ఒక సీసా ఎంచుకుని, అమ్మడి స్నేహితురాలు కూర్చున్న కౌంటర్లో పెట్టాడు. ఆమె సీసాని యంత్రానికి చూపించింది. తెర ఎర్రబడింది. మళ్ళీ చూపించింది. మళ్ళీ ఎర్రబడింది.

మేనేజరు వచ్చి నెమ్మదిగా చెప్పాడు. కొత్త చట్టం వైను వరకే. బీరు సంగతి ఇంకా శాసనసభలోనే నలుగుతోంది. నోటీసులోనూ వైను అనే ఉంది. అమ్మడు బయటికి పరుగెత్తి తన చేత్తో అంటించిన కాగితం చదివింది. వైను అనే ఉంది. దుకాణంలో రెండూ ఒకే అరలో ఉంటాయి, బిల్లు యంత్రంలో రెండింటికీ ఒకటే మీట. చట్టానికీ రెండూ ఒకటేననుకుంది. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

లోపలికి వచ్చి మేనేజరుని బతిమాలింది. రేపటి లెక్కలో కొట్టండి అంది. మేనేజరు తలెత్తి కెమెరా వైపు చూశాడు. లైసెన్సు పోతే ఇంతమంది వీధిన పడతారు, మామ బిగించిన బీరువాల మీద బతుకుతున్నవాణ్ణి, నా చేతుల్లో ఉంటే ఇవ్వనా అన్నాడు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

అమ్మడు సీసాని సంచీలో పడేసుకుని తలుపు వైపు నడిచింది. పుట్టి బుద్ధెరిగాక రూలు తప్పడం అదే మొదలు. ఐసుమామ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. గొంతు పెగల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

"వద్దమ్మడూ. నిన్ను దొంగని చేసి తాగితే అది నాకు దిగుతుందా?"

సంచీలోంచి సీసా తీసి, పేరు కనబడేలా తిప్పి, అరలో దాని చోట్లో దాన్ని పెట్టేశాడు.

ఆ తరవాత అమ్మడు వీధంతా తిరిగింది. ఆదివారం దొరకదని తెలిసినవాళ్ళు శనివారమే కొనుక్కుంటారు, కొనుక్కున్నవాళ్ళు శనివారమే తాగేస్తారు. పక్కింటి టైలరక్క, మా ఆయన నిన్న ఒక్క చుక్క మిగిల్చినా ఇచ్చేదాన్నని కళ్ళొత్తుకుంది. మందు దుకాణానికి తాళం. హోటళ్ళవాళ్ళు సాయంత్రం భోజనంతోనే పోస్తామన్నారు. సాయంత్రానికి నాన్న ఆసుపత్రి మంచం మీద ఉంటాడు.

చివరికి దుకాణానికే తిరిగి వెళ్ళి, చట్టం ఒప్పుకున్న వైను కొంది. ఇంట్లో కాసేపు చల్లబరిచి గ్లాసులో పోసి ఇచ్చింది. ఐసుమామ ఒక గుక్క తీసుకున్నాడు. అది పుండు మీద కారం చల్లినట్టు దిగింది. మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. అమ్మ చెంగుతో తుడిచింది.

"బాగుంది," అన్నాడు కూతురి వైపు చూస్తూ. గ్లాసు మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

ఆమెతో ఆయన అన్న ఆఖరి మాట అదే. ఆసుపత్రిలో చేరాక మాట్లాడవద్దన్నారు. పొద్దున్నే ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు.

ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరు చెప్పిన సోమవారం మధ్యాహ్నం, అమ్మడు కౌంటరు ముందు నిలబడి ఒక బీరు సీసా కొంది. యంత్రం చప్పున ఒప్పుకుంది. తెర పచ్చగా వెలిగింది. ఆ పచ్చ వెలుగు చూసి ఆమెకి ఏడుపు ఆగలేదు. ఎందుకు కొందో ఆమెకే తెలియదు. ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల వెనక దాచింది. పారబోయడానికి చేతులు రాలేదు.

ఐసుమామ ఇంటికి వచ్చాడు. మెడకి కట్టు, చొక్కా కింద గొట్టం. వచ్చిన మర్నాడు పొద్దున లేచి నెమ్మదిగా వంటగదిలోకి నడిచాడు. ఫ్రిజ్ ముందు నిలబడి మోటారు విన్నాడు. తలుపు తీసి వెనక్కి చెయ్యి పెట్టి చలి చూడబోతే వేళ్ళకి సీసా తగిలింది. గుమ్మంలో ఉన్న అమ్మడు గబగబా అడుగు వేసి ఆగిపోయింది.

ఆయన సీసాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పట్టుకున్నాడు. చెమ్మ కమ్ముకుంది. వేలితో గీత గీశాడు. పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. రాదన్న సంగతి మరిచిపోయినవాడిలా ఇంకోసారి కదిపాడు.

తరవాత మూత తీసి, గ్లాసులో ఒక గుక్క పోసి ఆమెకి అందించాడు.

తరవాత చూద్దాంలే అనడానికి ఈసారి అమ్మడికి నోరు రాలేదు. గ్లాసు అందుకుంది. చేదుగా, చల్లగా గొంతులోకి దిగింది. ఆయన ఆమె కళ్ళ వైపు కాదు, గొంతు వైపే చూస్తున్నాడు. అది లేచి దిగడం చూశాడు. కనుబొమలు ఎగరేసి ఎలా ఉందని అడిగాడు.

"చల్లగా ఉంది నాన్నా," అంది.

ఐసుమామ తల ఊపి, మళ్ళీ పోశాడు.