మంత్రిగారు నొక్కిన మీట

నేను ఒక మీటను. బుడితి ఊరి కంచరి పోతపోసిన ఇత్తడి బొడిపె, దాని కింద టేకు పెట్టె, ఇదే నా ఒళ్లు. కొండవాగు నీళ్లతో కరెంటు తీసే కేంద్రం మా ప్రాంతంలో మొట్టమొదటిసారి కట్టినప్పుడు, ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు నొక్కడానికని నన్ను ప్రత్యేకంగా చేయించారు. పుట్టుక ఘనమైనదే. కాకపోతే నాకు తీగ లేదు.

అసలు స్విచ్చి కొండ అడుగున యంత్రాల గదిలో ఉంది. అక్కడికి దిగాలంటే అన్నీ రాతిమెట్లు. మంత్రిగారికేమో మోకాళ్ల నొప్పులు. అందుకని పైన రోడ్డు పక్కన పందిరి వేసి నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. ఆయన నన్ను నొక్కగానే వేదిక అంచున నిలబడ్డ నూకాలు పచ్చజెండా ఊపాలి. కింద కిటికీలోంచి అది చూసి ఆమె మొగుడు గౌరన్న అసలు స్విచ్చి వెయ్యాలి. పందిరికి కట్టిన బల్బులు వెలగాలి. జనం నాకు చప్పట్లు కొట్టాలి.

ఆ ఆలుమగలు ఆనకట్ట పనిలో బండలు పేల్చేటప్పుడు జెండాలు ఊపిన కూలీలు. కట్టడం అయిపోయింది కనుక మర్నాటి నుంచి కూలీలందరినీ పంపేస్తున్నారు.

"అంతా సవ్యంగా జరిగితే నీకు ఇక్కడే పర్మినెంటు ఉద్యోగం గౌరన్నా. తేడా వచ్చిందా, నువ్వూ మూట సర్దుకోవడమే" అన్నారు ఇంజినీరు త్రివిక్రమరావు గారు. "పచ్చజెండా ఊగితే స్విచ్చి పిడి ఇటుది అటు మార్చు. ఇంకేమీ ఆలోచించకు."

గౌరన్న మెట్లు దిగుతుంటే నూకాలు వెనకనుంచి అరిచింది. "కునుకు తియ్యకు మావా! జెండా మీదే కళ్లెట్టు!"

"నువ్వు నోరూపినంత బాగా సెయ్యి కూడా ఊపవే సాలు!"

సాయంత్రం పొద్దు కొండ చాటుకు వెళ్తున్న వేళ మంత్రిగారు వచ్చారు. స్వాగతోపన్యాసం మొదలైంది, ముగిసే లక్షణాలు మాత్రం కనిపించలేదు. చివరికి ఆహ్వాన సంఘం అధ్యక్షుడు సన్మానానికి లేచి, ఫొటో బాగా రావాలని పట్టుశాలువాను రెండు చేతులా విప్పి, గాలిలో బారెడు ఆడించి మంత్రిగారికి కప్పాడు.

శాలువా ఆకుపచ్చది.

పందిరి నిండా బల్బులు భగ్గుమని వెలిగాయి. నా మీద అప్పటికి ఈగ కూడా వాలలేదు! జనం ఈలలు వేశారు. నూకాలు చేతిలోని జెండాను చూసుకుని, "సచ్చినాం" అంది. ఇంజినీరు గారి మొహం సున్నం కొట్టినట్టయింది.

మంత్రిగారు శాలువాలోంచి తల బయటికి తీసి, "నేను నొక్కొద్దా మరి?" అన్నారు. అంత దూరం వచ్చిన మనిషి, నొక్కకుండా ఎలా వెళ్తారు? వచ్చి నన్ను గట్టిగా నొక్కారు. పాపం నూకాలు, చెప్పిన పని చెప్పినట్టే జెండా ఊపింది. కింద గౌరన్న కూడా చెప్పినట్టే పిడి మార్చాడు.

బల్బులన్నీ ఆరిపోయాయి.

చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తోచలేదు. మంత్రిగారు నన్ను అనుమానంగా చూసి మళ్లీ నొక్కారు. వెలిగాయి. ఆయన మొహమూ కొంచెం వెలిగింది.

"ఏమయ్యా, నేను ముట్టుకోకముందే ఎలా వెలిగాయి?" అని మైకులోనే అడిగారు.

నూకాలు జెండాను గుండెకు అదుముకుని ఇంజినీరు గారి వైపు చూసింది. గౌరన్న పేరు చెప్పి తప్పు అతని మీదకు తోసేస్తే ఆయన గండం గడిచిపోతుంది. ఆయన చేతులు కట్టుకుని ముందుకొచ్చారు.

"తమ భుజాన శాలువా పడగానే వెలగాలని ఏర్పాటు చేశామండీ."

"ఓహో! మరి నొక్కితే ఆరిందేం?"

"వెలిగించడమే కాదు, ఆర్పడం కూడా తమ చేతిలోనే ఉందని..."

చప్పట్లకు పందిరి అదిరింది. "భలే! ఎవరిదీ ఆలోచన?"

"కింద గౌరన్నని ఉన్నాడండీ. ఈవిడ అతని భార్య. ఇద్దరూ కలిసి చేశారు." ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు.

"ఇలాంటివాళ్లను వదులుకోకండి" అన్నారు మంత్రిగారు. మైకులో అన్న మాట కనుక ఆయన కూడా వెనక్కి తీసుకోలేకపోయారు. ఇద్దరికీ ఉద్యోగం వచ్చింది. నూకాలుది జెండా ఊపే ఉద్యోగం. ఏ పెద్దమనిషి వచ్చినా నన్ను నొక్కించడం ఆనవాయితీ అయిపోయింది మరి.

ఏటా ఆయుధపూజ నాడు యంత్రాలన్నింటికీ బొట్లు పెడతారు. మొన్నటి పూజలో నూకాలు నాకు అరచేతి మందాన పసుపు పూస్తుంటే, కొత్తగా వచ్చిన చిన్న ఇంజినీరు నవ్వాడు. "అది ఉత్తుత్తిదమ్మా, దానికి కనెక్షనే లేదు."

"నాకు తెల్దేటి బాబూ" అంది నూకాలు, కుంకుమ అద్దుతూ. "ఆ మెసిన్లు ఊరందరికీ ఎలుగిచ్చినాయి. మా ఇంట్లో పొయ్యెలిగించింది మాత్రం ఇదే. కాస్త తప్పుకో, అగరొత్తి ఎట్టాల."